నేను వేసుకునే మాత్ర పురుగుమందేనా?

పేరు వేయవద్దంటూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఆమెకు 33 ఏళ్లు, హైస్కూల్లో లెక్కలు చెబుతారు. ఏడాదిన్నర కిందట సమస్య మొదలైంది. పొద్దున లేచినప్పుడు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. మధ్యాహ్నం దాటేసరికి ఎడమ కనురెప్ప వాలిపోయేది. బోర్డు మీద తాను గీసిన గీతే రెండుగా కనిపించేది. చివరి పీరియడ్‌కి మాట ముక్కులోంచి వచ్చేది. భోజనం సగంలో ఉండగానే దవడ అలిసిపోయి, చేత్తో ఆనించుకుని నమలాల్సి వచ్చేది. కాసేపు పడుకుంటే అన్నీ సర్దుకునేవి. అలా సర్దుకోవడమే ఆమెకు శాపమైంది. ఇంట్లో టెన్షన్ అన్నారు, పని తప్పించుకునే వేషాలన్నారు. కళ్ల డాక్టరు అద్దాలు మార్చారు. ఇంకో డాక్టరు ఆందోళన తగ్గడానికి మాత్రలిచ్చారు. చివరికి ఒక న్యూరాలజిస్టు రక్తపరీక్ష చేయించి, ఇది కండరాలు వాడేకొద్దీ బలం తగ్గిపోయే మయస్తీనియా గ్రావిస్ అనే జబ్బని తేల్చారు. ఛాతీ స్కాన్‌లో గడ్డలేమీ లేవు. పిరిడోస్టిగ్మిన్ మాత్ర రోజుకు నాలుగుసార్లు వేసుకోమన్నారు. మొదటి మాత్ర వేసుకున్న ముప్పావుగంటకి రెప్ప లేచింది. "అద్దంలో నా మొహం నాకు మళ్లీ కనిపించింది" అని రాశారు.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. ఆమె బావగారు వ్యవసాయ శాస్త్రం చదివినవారు. మాత్ర పేరు చూసి, "పురుగుమందు పనిచేసేదీ ఇదీ ఒక్కచోటే. యుద్ధాల్లో వాడే విషవాయువుదీ అదే దారి" అన్నారట. భర్త భయపడి మాత్ర మాన్పించారు. రెండో రోజుకి నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చాయి. మళ్లీ మొదలుపెట్టారు గానీ, సగం సగమే. తర్వాత స్కూల్లో ఇన్‌స్పెక్షన్ ఉన్న రోజున ఆమె ధైర్యం చేసి రెండేసి మాత్రలు వేసుకున్నారు. కడుపులో మెలిపెట్టింది, నోట్లో నీళ్లూరాయి, తొడ కండరాలు వాటంతటవే అదిరాయి, పైగా నీరసం తగ్గకపోగా పెరిగింది. ఇక బావగారి మాటే నిజమని ఇంట్లో తీర్మానమైపోయింది. ఆ మధ్య గొంతు ఇన్‌ఫెక్షన్‌కి ఎవరో యాంటీబయాటిక్ ఇస్తే మెడ నిలబెట్టలేకపోయారు. ఇప్పుడు న్యూరాలజిస్టు థైమస్ గ్రంథి తీసేసే ఆపరేషన్ మాట ఎత్తారు. "మాత్ర మానేయనా? స్కాన్ బాగుంటే ఆపరేషన్ ఎందుకు? మత్తు ఇస్తే తిరిగి లేస్తానా? స్కూల్లో చెప్పనా వద్దా? పిల్లల్ని కనొచ్చా?" అని అడిగారు.

సమాధానం:

అమ్మా, మిగతావన్నీ నెమ్మదిగా మాట్లాడుకుందాం గానీ, ఒక్క విషయం మాత్రం ముందే చెప్పాలి. మింగిన నీళ్లు ముక్కులోంచి రావడం చిన్న సంగతి కాదు. గొంతు కండరాలు పట్టు తప్పుతున్నాయంటే, ఊపిరి తీసే కండరాల వంతు ఎంతో దూరంలో ఉండకపోవచ్చు. మళ్లీ అలా జరిగినా, వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, ఒక్క గుక్కలో ఇరవై వరకు లెక్కపెట్టలేకపోయినా, దగ్గి కఫం బయటికి తేలేకపోయినా, మాత్ర ఎక్కువైందా తక్కువైందా అని ఇంట్లో చర్చ పెట్టుకోకండి. అది పగలైనా రాత్రైనా వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి బయల్దేరాల్సిన సమయం.

ఇక బావగారి మాట. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఈ మాట చదివి మీవారు ఇంకా భయపడతారని తెలుసు, అయినా అబద్ధమని నేను కొట్టిపారేస్తే రేపు ఆయన ఇంకో పుస్తకం తెచ్చి చూపిస్తారు, అప్పుడు నా మాటకీ విలువ ఉండదు. ఆయన చెప్పింది సగం. మిగతా సగం ఇది.

మెదడు నుంచి బయల్దేరిన విద్యుత్ సంకేతం నరం చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. నరానికీ కండరానికీ మధ్య ఖాళీ ఉంది. మిల్లీమీటరులో సుమారు ఇరవై వేలవ వంతు, అంతే. కానీ కరెంటు ఆ కాస్త ఖాళీని కూడా దాటలేదు. అందుకని నరం చివర చిన్న చిన్న సంచుల్లో అసిటైల్‌కోలిన్ అనే రసాయనం సిద్ధంగా ఉంటుంది. సంకేతం రాగానే కాల్షియం లోపలికి వస్తుంది, సంచులు తెరుచుకుంటాయి, రసాయనం ఖాళీలోకి పడి అవతలి ఒడ్డున కండరం మీదున్న రిసెప్టార్లకు, అంటే ఆ రసాయనాన్ని అందుకునే అణువులకు, అంటుకుంటుంది. కండరం బిగుస్తుంది. వెంటనే అక్కడే కాపుగాసిన ఒక ఎంజైమ్, దాని పేరు అసిటైల్‌కోలినెస్టరేజ్, ఆ రసాయనాన్ని రెండు ముక్కలు చేసేస్తుంది. లేకపోతే బిగిసిన కండరం వదలదు. ఇదంతా కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది. మీరు సుద్దముక్క పట్టుకుని ఒక అంకె వేసేలోపు ఇది ఎన్నిసార్లు జరుగుతుందో చెప్పలేం.

మీరు లెక్కల టీచరు కాబట్టి మార్కుల్లో చెబుతాను. కండరం కదలడానికి పాసు మార్కు 35 అనుకోండి. ఆరోగ్యవంతుడికి ఈ చోట ప్రతిసారీ 90 వస్తాయి. ఒకే కండరాన్ని పదేపదే వాడితే నరం వదిలే రసాయనం కొంచెం కొంచెం తగ్గుతుంది. అది అందరికీ జరిగేదే. 90 కాస్తా 70 అవుతుంది. పాసే కాబట్టి ఎవరికీ తెలియదు. మీ శరీరం మాత్రం మీ రిసెప్టార్లనే శత్రువులనుకుని యాంటీబాడీలు తయారుచేస్తోంది. అవి రిసెప్టార్లను అడ్డుకుంటాయి, అరగదీస్తాయి. అందుకని మీకు పొద్దున వచ్చేవే 45. నాలుగు పీరియడ్లు బోర్డు దగ్గర నిలబడితే 30. ఫెయిల్. కాసేపు పడుకుంటే నరం చివర సంచులు మళ్లీ నిండి, తిరిగి 40 దాటుతుంది. "పడుకుంటే తగ్గింది కాబట్టి జబ్బు కాదు" అని మీ ఇంట్లో అన్నారు చూశారా, అలా తగ్గడమే ఈ జబ్బు లక్షణం. ఈ ఒక్క పేరా మీ అత్తవారింట్లో అందరికీ చదివి వినిపించండి.

మీ మాత్ర చేసేది గ్రేస్ మార్కులు కలపడం. రసాయనాన్ని ముక్కలు చేసే ఆ ఎంజైమ్‌ని కొంతవరకు ఆపుతుంది. రసాయనం ఇంకాస్త సేపు నిలబడుతుంది, మిగిలిన కాసిని రిసెప్టార్లనే మళ్లీ మళ్లీ తట్టగలుగుతుంది. రెప్ప లేస్తుంది.

పురుగుమందు ఆపేదీ ఈ ఎంజైమ్‌నే. ఇంతవరకు బావగారు ఒప్పు. ఆయన ఇంకో అడుగు వేసి, కార్బమేట్ రకం పురుగుమందులు రసాయనికంగా మీ మాత్రకి చుట్టాలే అని కూడా చెప్పగలరు. అదీ నిజమే. తేడా మూడు చోట్ల ఉంది. మీ మాత్ర ఎంజైమ్‌కి అంటుకున్నా కొన్ని గంటల్లో దానంతట అదే ఊడిపోతుంది. మీకు నాలుగు గంటలకోసారి మాత్ర కావాల్సి రావడమే దీనికి సాక్ష్యం. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులూ, సారిన్, సోమన్ లాంటి విషవాయువులూ అలా ఊడవు. కొంతసేపటికి ఆ బంధం ఇంకా గట్టిపడి, ఇక ఏ విరుగుడుకీ లొంగదు. ఆ ఎంజైమ్ పోయినట్టే, శరీరం కొత్తది తయారుచేసుకోవాలి. రెండోది, మీ మాత్రలోని అణువుకి విద్యుదావేశం ఉంటుంది. అందువల్ల అది రక్తంలోంచి మెదడులోకి దాదాపుగా వెళ్లలేదు. విషవాయువులు మెదడులోకి దూరి ఫిట్స్ తెప్పిస్తాయి, ఊపిరిని నడిపించే కేంద్రాన్నే ఆపేస్తాయి. మూడోది మోతాదు. మీ డాక్టరు ఎంజైమ్‌లో కొంత భాగాన్ని మాత్రమే ఆపేలా లెక్క చూసి రాశారు. విషం ఆ లెక్క చూడదు.

బావగారికి చెప్పాల్సిన సంగతి ఇంకొకటుంది. 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికన్ సైనికులకు ఇదే పిరిడోస్టిగ్మిన్‌ని ఎనిమిది గంటలకోసారి 30 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చారు. ఎందుకంటే సోమన్ విషవాయువు నుంచి కాపాడటానికి. ఈ మాత్ర కొంత ఎంజైమ్‌ని ముందే తాత్కాలికంగా పట్టుకుని ఉంటే, ఆ భాగం సోమన్‌కి దొరకదు. తర్వాత మాత్ర ఊడిపోగానే ఆ ఎంజైమ్ తిరిగి పనిలోకి వస్తుంది. దాంతోపాటు వేరే విరుగుళ్లు కూడా కావాలనుకోండి. అయినా, విషవాయువు లాంటిదని మీరు భయపడుతున్న మాత్రని, ఆ విషవాయువుకే అడ్డంగా వాడారన్నమాట. సోమన్ విషయంలో సైనికులకు ఇలా వాడటానికి 2003లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ అధికారికంగా అనుమతి ఇచ్చింది.

అసలు ఈ చికిత్స పుట్టుకే విషంలోంచి వచ్చింది. పశ్చిమ ఆఫ్రికాలోని కాలబార్ ప్రాంతంలో ఒక రకం గింజ ఉండేది. నేరం మోపినవాళ్ల చేత దాన్ని తినిపించి, బతికితే నిర్దోషి, చనిపోతే దోషి అని తీర్పు చెప్పేవారు. ఆ గింజలోని విషం ఫైసోస్టిగ్మిన్. దక్షిణ అమెరికాలో బాణాల మొనలకు పూసే క్యురారే అనే ఇంకో విషం రిసెప్టార్లను మూసేసి కండరాలను పడేస్తుంది. క్యురారేకి ఫైసోస్టిగ్మిన్ విరుగుడని అప్పటికే తెలుసు. లండన్‌లోని గ్రీనిచ్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్న మేరీ వాకర్ అనే డాక్టరు, మయస్తీనియా రోగులు అచ్చం క్యురారే తగిలినవాళ్లలా ఉన్నారని గమనించారు. అలాగైతే ఆ విరుగుడు వీళ్లకూ పనిచేయాలి కదా అనుకుని 1934లో ఒక రోగికి ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. వాలిన రెప్పలు లేచాయి. మీరు అద్దంలో చూసుకున్నది ఆ దృశ్యమే.

ఆ పోలిక ఎందుకు కుదిరిందో తెలియడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. అప్పుడూ పాము విషమే దారి చూపింది. తైవాన్ కట్లపాము విషంలోని ఒక పదార్థం కండరాల రిసెప్టార్లకు అతుక్కుని వదలదు. దాని సాయంతో శాస్త్రజ్ఞులు రిసెప్టార్లు ఎక్కడున్నాయో, ఎన్నున్నాయో లెక్కపెట్టగలిగారు. 1973లో ఎలక్ట్రిక్ ఈల్ చేప రిసెప్టార్లను వేరుచేసి కుందేళ్లకు ఎక్కించారు. యాంటీబాడీలు తయారుచేయించడం వాళ్ల ఉద్దేశం. తయారయ్యాయి, కానీ కుందేళ్ల కండరాలు పడిపోయాయి. మీ మాత్రకి దగ్గర చుట్టమైన నియోస్టిగ్మిన్ ఇస్తే మళ్లీ లేచి నిలబడ్డాయి. మీ రక్తపరీక్షలో వెతికింది అలాంటి యాంటీబాడీనే. ఒళ్లంతా మయస్తీనియా ఉన్నవాళ్లలో నూటికి సుమారు 85 మందిలో అది కనిపిస్తుంది. కుందేలు టెన్షన్ పడి పడిపోలేదు కదా!

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. మాత్ర పూర్తిగా మానేస్తే ఏమవుతుందో మీరే చూశారు. సగం సగం వేసుకుంటే రోజంతా పాసు మార్కు చుట్టూ ఊగిసలాడతారు, ఒక జలుబు చాలు కిందకి తోసేయడానికి. ఇక రెండేసి వేసుకున్న రోజు సంగతి. ఎంజైమ్‌ని మరీ ఎక్కువగా ఆపితే రసాయనం ఖాళీలో పేరుకుపోతుంది. రిసెప్టార్లు ఎడతెగని పిలుపుకి స్పందించడం మానేస్తాయి. కండరం ముందు అదిరి, తర్వాత చతికిలబడుతుంది. అదే రసాయనం పేగుల్లో, లాలాజల గ్రంథుల్లో, చెమట గ్రంథుల్లో కూడా పనిచేస్తుంది కాబట్టి కడుపునొప్పి, నోట్లో నీళ్లు. ఆ రోజు మీకు పట్టుకున్నది బావగారు చెప్పిన విషం లక్షణాలే, చిన్న మోతాదులో. మాత్ర చెడ్డదని కాదు దాని అర్థం. ఈ మాత్రకి తక్కువైనా నీరసమే, ఎక్కువైనా నీరసమే. అందుకే సొంతంగా సర్దుకోవడం దీనితో కుదరదు.

ఏది ఎక్కువ, ఏది తక్కువ అని పోల్చుకోవడానికి ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. మాత్ర వేసుకున్న టైము, రెప్ప వాలిన టైము, మింగడం, మాట ఎలా ఉన్నాయి, అంతే. తర్వాతి మాత్ర టైము దగ్గరపడే కొద్దీ నీరసం వస్తుంటే మోతాదు చాలడం లేదన్నమాట. మాత్ర వేసుకున్న గంట, గంటన్నరలో నోట్లో నీళ్లు, కడుపు మెలికలు, కండరాల అదురుతో పాటు నీరసం వస్తే ఎక్కువవుతున్నట్టు. ఈ పుస్తకం చూసి మీ డాక్టరు చాలా చేయగలరు. మొత్తం మోతాదు పెంచకుండానే టైములు జరపొచ్చు. భోజనానికి అరగంట, ముప్పావుగంట ముందు ఒకటి, చివరి పీరియడ్‌కి గంట ముందు ఒకటి పడేలా చూస్తే మీకు తేడా తెలుస్తుంది. కడుపు ఇబ్బందికి వేరే మాత్ర ఉంది. పేగుల్లో రిసెప్టార్లు, కండరాల్లో రిసెప్టార్లు రెండూ వేర్వేరు రకాలు కాబట్టి, కండరాన్ని వదిలేసి పేగుని మాత్రమే శాంతపరచడం వీలవుతుంది. కాకపోతే అది వేసుకుంటే మోతాదు మించిందని చెప్పే హెచ్చరికలు కూడా మరుగున పడతాయి. అవసరమైతేనే అడగండి.

గ్రేస్ మార్కులతో ఎన్నాళ్లు నెట్టుకొస్తారన్నది అసలు ప్రశ్న. ఈ మాత్ర యాంటీబాడీలను తగ్గించదు. వాటి మీద పనిచేసేవి స్టెరాయిడ్లు, అజాథయోప్రిన్ లాంటి మందులు, థైమస్ ఆపరేషన్. స్టెరాయిడ్ మొదలుపెడితే మొదటి రెండు మూడు వారాల్లో నీరసం పెరిగే అవకాశం ఉంది. ముందే తెలిస్తే అప్పుడు మీవారు మళ్లీ మందు మాన్పించకుండా ఉంటారని చెబుతున్నాను.

యాంటీబయాటిక్‌తో మెడ వాలిపోవడం మీ ఊహ కాదు. ఇందాక కాల్షియం లోపలికి వచ్చి సంచులు తెరుచుకుంటాయని చెప్పాను కదా. జెంటామైసిన్ కుటుంబం మందులు ఆ కాల్షియాన్ని అడ్డుకుంటాయి. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ కుటుంబానికి మయస్తీనియా ఉన్నవాళ్ల విషయంలో అమెరికా నియంత్రణ సంస్థ 2011లో అత్యంత తీవ్రమైన హెచ్చరిక తగిలించింది. గొంతు, ఛాతీ ఇన్‌ఫెక్షన్లకు తరచూ రాసే అజిత్రోమైసిన్ మీద కూడా జాగ్రత్త అవసరం. అలాగని ఇన్‌ఫెక్షన్‌ని వదిలేయడం దారి కాదు, జ్వరం కూడా ఈ జబ్బుని అంతే కిందకి లాగుతుంది. పెన్సిలిన్ కుటుంబం మందులు సాధారణంగా ఇబ్బంది పెట్టవు. ఒక్కోసారి ప్రాణం మీదకి వస్తే వాడకూడని మందే వాడాల్సి రావచ్చు. అప్పుడు ఆసుపత్రిలో ఉంచి ఊపిరి గమనిస్తూ వాడతారు. మందు రాసే ప్రతివాళ్లకీ, పళ్ల డాక్టరుకీ కళ్ల డాక్టరుకీ కూడా, ముందు మీ జబ్బు పేరు చెప్పండి. గ్లకోమాకి వేసే టిమోలాల్ చుక్కలు కంట్లోంచి రక్తంలోకి చేరి రెప్పని మళ్లీ వాల్చిన సందర్భాలున్నాయి. బీపీకి, గుండెదడకి వాడే బీటా బ్లాకర్లు, క్లోరోక్విన్, క్వినైన్, నరంలోకి ఎక్కించే మెగ్నీషియం కూడా ఈ జాబితాలోవే. ముడతలు పోవడానికి బొటాక్స్ వేయించుకుందామని ఎవరైనా సరదా పుట్టిస్తే దూరంగా ఉండండి. అది సంచులు తెరుచుకోకుండా చేసే బొటులినమ్ విషమే. మిగతావాళ్లకి కొన్ని నెలల అందం కావచ్చు, మీకు గొంతు పడిపోవచ్చు. ఆందోళనకి మొదట్లో ఇచ్చిన మాత్రలు ఇంకా ఇంట్లో ఉంటే వాటి సంగతీ న్యూరాలజిస్టుకి చెప్పండి, వాటిలో కొన్ని ఊపిరిని మందగింపజేస్తాయి. పొలానికి, పెరటికి మందు కొట్టే పని మాత్రం మీరు పెట్టుకోవద్దు. ఈ ఒక్క విషయంలో బావగారు చెప్పినట్టు వినండి.

ఆపరేషన్ గురించి. థైమస్ అనేది రొమ్ము ఎముక వెనకుండే గ్రంథి. రోగనిరోధక కణాలకు చిన్నతనంలో శిక్షణ ఇచ్చేది అక్కడే. ఈ జబ్బున్న మీ వయసు వాళ్లలో చాలామందికి ఆ గ్రంథిలో గడ్డ లేకపోయినా, ఈ యాంటీబాడీలను పుట్టించే కణాలు పోగుపడి ఉంటాయి. మామూలు స్కాన్‌లో అది తెలియకపోవచ్చు. గడ్డ ఉంటే ఆపరేషన్ దాదాపు తప్పనిసరి. లేనివాళ్లకి లాభమా కాదా అని దశాబ్దాలు వాదించుకున్నాక, 2016లో ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనం ఫలితాలొచ్చాయి. 126 మందిని రెండు జట్లు చేసి మూడేళ్లు గమనించారు. స్టెరాయిడ్ మాత్రమే తీసుకున్నవాళ్ల కంటే, స్టెరాయిడ్‌తో పాటు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల బలం మెరుగ్గా ఉంది, వాళ్లకి కావాల్సిన స్టెరాయిడ్ కూడా తగ్గింది. ఆ అధ్యయనంలో ఉన్నవాళ్లంతా అసిటైల్‌కోలిన్ రిసెప్టార్ యాంటీబాడీ ఉన్నవాళ్లే. కాబట్టి మీ రిపోర్టులో ఏ యాంటీబాడీ అని రాసుందో చూడండి. మస్క్ అనే వేరే రకమైతే ఈ లెక్క వర్తించదు.

చేయించుకుంటే ఫలితం మర్నాడే రాదు, నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఛాతీ మీద మచ్చ, కొన్ని వారాల సెలవు, ఏ ఆపరేషన్‌కైనా ఉండే ప్రమాదం ఉంటాయి. చేయించుకోకపోతే మందులతోనే నడిచే వీలు లేకపోలేదు, కానీ స్టెరాయిడ్ ఎక్కువకాలం, ఎక్కువ మోతాదులో వాడాల్సి రావచ్చు, దాని ఖరీదు ఎముకలు, షుగరు, బరువు రూపంలో కడతారు. వాయిదా వేయడం కూడా ఒక దారే. ఇది ఎమర్జెన్సీ ఆపరేషన్ కాదు. నిజానికి ఇప్పుడు మీరున్న స్థితిలో, అంటే మాత్ర సగం సగం వేసుకుంటూ మింగడం ఇబ్బందిగా ఉన్నప్పుడు, ఏ మంచి సర్జనూ చేయరు. ముందు బలం పుంజుకోవాలి. నన్నడిగితే, మీ వయసు, జబ్బు మొదలై ఏడాదిన్నరే కావడం చూస్తే ఆపరేషన్ వైపే మొగ్గుతాను. మిమ్మల్ని పరీక్షించిన డాక్టరు మాట నా మొగ్గు కంటే పెద్దది.

మత్తు విషయానికొస్తే, నిద్రపుచ్చే మందు సాధారణంగా పెద్ద సమస్య కాదు. కండరాలు వదులు కావడానికి ఇచ్చే మందుల దగ్గరే జాగ్రత్త. అవి ఇందాక చెప్పిన క్యురారే వారసులు. మీకు రిసెప్టార్లు ఇప్పటికే తక్కువ కాబట్టి మామూలు మోతాదు చాలా ఎక్కువవుతుంది. అందుకే కొందరు మత్తు డాక్టర్లు వాటిని అసలు వాడరు. వాడినా చాలా తక్కువ ఇచ్చి, మణికట్టు దగ్గర నరాన్ని మెషీన్‌తో తట్టి కండరం ఎంత స్పందిస్తోందో కొలుచుకుంటారు. రోక్యురోనియం అనే మందు వాడితే, దాని అణువులను చుట్టుముట్టి పనికిరాకుండా చేసే సుగామాడెక్స్ అనే విరుగుడు ఉంది. అది మీ ఎంజైమ్ జోలికి పోదు. లేస్తారు. ఆపరేషన్‌కి వారం ముందే మత్తు డాక్టరుని విడిగా కలిసి, ఆ రోజు పొద్దున మాత్ర వేసుకోవాలా వద్దా, తర్వాత ఐసీయూలో ఎన్ని గంటలు ఉంచుతారు అని అడగండి. మయస్తీనియా పేరు చెప్పగానే ఈ సంగతులు ఆయనే మొదలుపెడితే మీరు సరైన చోట ఉన్నట్టే.

స్కూల్లో చెప్పడం మీ ఇష్టం. చెప్పకపోతే జాలి చూపులు తప్పుతాయి. కానీ మధ్యాహ్నం గొంతు పోయిన ప్రతిసారీ ఏదో ఒక సాకు వెతుక్కోవాలి, ఆ సాకుల వల్లే "వేషాలు" అనే మాట పుడుతుంది. అందరికీ చెప్పనక్కర్లేదు. హెడ్మాస్టరుకి, పక్క క్లాసు టీచరు ఒకరికి చెబితే చాలు. క్లాసులు పొద్దున పూట పడేలా, మధ్యలో ఒక ఖాళీ పీరియడ్ ఉండేలా, ఎండలో నిలబెట్టే డ్యూటీలు లేకుండా అడగొచ్చు. వేడికి ఈ జబ్బు పెరుగుతుంది. ఆ టీచరు సెల్‌లో మీవారి నంబరు, మీ న్యూరాలజిస్టు నంబరు ఉండాలి. మీవారి గురించి ఒక్క మాట. ఆయన మాత్ర మాన్పించింది మీకేమవుతుందోనన్న భయంతోనే, మీ మీద నమ్మకం లేక కాదు. ఈసారి డాక్టరు దగ్గరికి ఆయన్నీ, కుదిరితే బావగారినీ తీసుకెళ్లండి. ఆ ఎంజైమ్ పేరు తెలిసిన మనిషి ఇంట్లో ఉండటం, సరిగ్గా వాడుకుంటే, మీకు మేలే.

పిల్లల్ని కనొచ్చు. మయస్తీనియా ఉన్న చాలామంది తల్లులకి గర్భం, కాన్పు సాఫీగా జరుగుతాయి. గర్భాశయం కండరం వేరే రకానిది, దాని మీద ఈ యాంటీబాడీల ప్రభావం ఉండదు. బిడ్డని బయటికి నెట్టేటప్పుడు వాడే పొట్ట కండరాలు మాత్రం అలిసిపోవచ్చు. నోటితో వేసుకునే పిరిడోస్టిగ్మిన్‌ని గర్భంతో ఉన్నప్పుడు కూడా సాధారణంగా కొనసాగిస్తారు. కానీ పిల్లలు కావాలన్న మాట మీ డాక్టరుకి ఇప్పుడే చెప్పండి, గర్భం వచ్చాక కాదు. ఎందుకంటే యాంటీబాడీలను తగ్గించే మందుల్లో మైకోఫినోలేట్, మెథోట్రెక్సేట్ బిడ్డకు హాని చేస్తాయి. ఏ మందు ఎంచుకోవాలి, ఆపరేషన్ ముందా గర్భం ముందా అన్నది ఆ మాట మీదే ఆధారపడి ఉంటుంది. గర్భం మొదటి మూడు నెలల్లో, కాన్పు తర్వాత వారాల్లో నీరసం పెరగడం తరచూ చూస్తాం. నూటికి పది నుంచి ఇరవై మంది పిల్లలకి తల్లి యాంటీబాడీలు చేరి, పుట్టగానే పాలు తాగలేకపోవడం, ఏడుపు బలహీనంగా ఉండటం కనిపిస్తుంది. అది కొన్ని వారాల్లో పోతుంది గానీ, అప్పటిదాకా బిడ్డని గమనించడానికి పిల్లల ఐసీయూ ఉన్న చోటే కాన్పు కావాలి. కాన్పు సమయంలో బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటే మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కిస్తారు. మిగతా తల్లుల ప్రాణం కాపాడే ఆ మందు మీకు ఊపిరి ఆపేయగలదు. కాన్పుల డాక్టరు ఫైలు మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో ఆ మాట రాయించి, బదులుగా ఏ మందు వాడాలో మీ న్యూరాలజిస్టు చేత ముందే రాయించి పెట్టుకోండి.